పెడల్ స్టీల్ గిటార్‌కు సర్దుబాటు శ్రుతులు: ఒక సమీక్ష

పెడల్ స్టీల్ గిటార్‌కు శ్రుతి పెట్టడం పైకి పది తీగల బిగింపుకు సంబంధించిన చిన్న పనిలా కనిపించినా, సంగీతాన్ని సంఖ్యల్లోకి దించాలని చూసిన ప్రతి సంప్రదాయమూ ఎదుర్కొన్న చిక్కు ఒకటి దాని వెనుక ఉంది. వాదకుడి ముందు బల్లలా అమర్చే ఈ వాద్యంలో తీగలను మెట్లకు అదిమి వాయించడం ఉండదు. ఎడమ చేతిలోని గుండ్రని ఉక్కు బార్‌ను తీగలపై ఆనించి జరుపుతూ, కుడి చేతి వేళ్లకు తొడిగిన పిక్‌లతో మీటుతూ, పాదాలతో పెడళ్లనూ మోకాళ్లతో మీటలనూ కదిలించి ఒక్కొక్క తీగ బిగువును అది మోగుతుండగానే పెంచడమో తగ్గించడమో చేస్తారు. మెట్ల స్థానంలో కేవలం గీతలే ఉంటాయి కనుక ఏ స్వరాన్నైనా కోరినంత సూక్ష్మంగా పలికించవచ్చని అనిపిస్తుంది, ఒకే తీగపై రాగం నడిపినంతసేపు అది నిజం కూడా. ఆ మేరకు ఇది గోటువాద్యానికి దగ్గరి చుట్టమే. అయితే పెడల్ స్టీల్ ప్రధానంగా మూడు నాలుగు తీగలను కలిపి మీటి స్వరసమూహాలను, అంటే కార్డ్‌లను, నిలిపే వాద్యం. నేరుగా ఆనించిన బార్ ఆ తీగలన్నిటినీ ఒకేసారి పైకో కిందికో జరపగలదే తప్ప వాటి మధ్య ఉన్న దూరాలను మార్చలేదు. ఆ దూరాలు వాదన మొదలుకాక ముందే, మరలు తిప్పేటప్పుడే నిర్ణయమైపోతాయి. వాటిని ఏ లెక్క ప్రకారం నిర్ణయించాలన్నదే ఇక్కడి ప్రశ్న.

ఈ చర్చకు కొలమానం సెంట్. ఒక స్థాయిని, అంటే షడ్జం నుంచి తారస్థాయి షడ్జం వరకు ఉన్న దూరాన్ని, 1200 సమాన భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంట్ అవుతుంది. పియానో, హార్మోనియం, కీబోర్డు వంటి వాద్యాలు పాటించే సమ విభజన శ్రుతిలో పన్నెండు స్వరస్థానాలూ ఒకదానికొకటి సరిగ్గా 100 సెంట్ల దూరంలో ఉంటాయి కనుక షడ్జం నుంచి అంతర గాంధారం 400 సెంట్లు, పంచమం 700 సెంట్లు. సహజ శ్రుతిలో ఈ దూరాలు చిన్న పూర్ణాంకాల నిష్పత్తులనుంచి వస్తాయి: పంచమం 3:2, అంటే దాదాపు 702 సెంట్లు; అంతర గాంధారం 5:4, అంటే 386.3 సెంట్లు. పంచమాల మధ్య తేడా రెండు సెంట్లే కనుక దానిని చెవి పట్టించుకోదు, కాని గాంధారాల మధ్య తేడా దాదాపు 14 సెంట్లు. చక్కగా శ్రుతి కలిసిన తంబురాలో ఎవరూ మీటకుండానే పలికే గాంధారం ఈ 386 సెంట్లదే, ఎందుకంటే అది మీటిన తీగలోనే పుట్టే అయిదవ అనుస్వరం. దానికి అలవాటుపడిన తెలుగు శ్రోతకు కీబోర్డు గాంధారం కాస్త పైకి గుంజినట్లు వినిపించడంలో ఆశ్చర్యం లేదు. హార్మోనియంను 1940 నుంచి 1971 దాకా ఆకాశవాణి తన ప్రసారాలకు దూరంగా ఉంచడానికి చెప్పిన అభ్యంతరాలలో ఈ బిగుసుకుపోయిన స్వరస్థానాలు కూడా ఉన్నాయి.

పియానోపై ఎవరికీ అంతగా తెలియని ఈ 14 సెంట్లు స్టీల్‌పై ఎందుకు బాధిస్తాయో తెలుసుకోవాలంటే విస్పందనాల సంగతి చూడాలి. దగ్గరి పౌనఃపున్యాలు గల రెండు ధ్వనులు కలిసినప్పుడు శబ్దం పెరుగుతూ తగ్గుతూ అలలుగా వినిపించడాన్ని విస్పందనం అంటారు. నాలుగో తీగ ఇ (షడ్జం), మూడో తీగ జి షార్ప్ (అంతర గాంధారం) సమ విభజనలో ఉన్నప్పుడు మొదటిదాని అయిదవ అనుస్వరమూ రెండోదాని నాలుగవ అనుస్వరమూ ఒకదానినొకటి తాకి సెకనుకు దాదాపు 13 విస్పందనాలు పుట్టిస్తాయి. ఒక స్థాయి కిందనున్న ఎనిమిదో తీగ, ఆరో తీగ జతలో అవి ఆరు ఏడుకు తగ్గుతాయి. పియానోలో తీగ మోగిన వెంటనే క్షీణించడం మొదలవుతుంది కనుక ఈ అలజడి త్వరగా అణగిపోతుంది. స్టీల్ వాదకుడు కుడి పాదం కింద వాల్యూమ్ పెడల్‌ను మెల్లగా తెరుస్తూ, క్షీణిస్తున్న ధ్వనిని పైకి లేపుతూ కార్డ్‌ను ఎన్నో సెకన్లపాటు అదే బలంతో నిలబెడతాడు. అంతసేపూ ఆ 13 విస్పందనాలు శ్రోత చెవిలోనే ఉంటాయి. ఈ వాద్యానికి పేరు తెచ్చిన ఆ నిలకడే దాని శ్రుతి సమస్యను కూడా తెరపైకి తెచ్చిందని చెప్పాలి. పిక్‌అప్‌లూ ఆంప్లిఫయర్‌లూ పై అనుస్వరాలను మరింత స్పష్టం చేస్తాయి కనుక ఆ గొడవ ఇంకా పెరుగుతుంది.

చిక్కు ముదిరిన క్రమానికి చరిత్ర ఉంది. స్టీల్ వాదకుడు బడ్ ఐజాక్స్ 1954లో జనాదరణ పొందిన గాయకుడు వెబ్ పియర్స్ పాట ‘స్లోలీ’లో పెడల్‌ను మోగుతున్న తీగలపై తొక్కి, ఒక కార్డ్ మరో కార్డ్‌లోకి జారే ధ్వనిని అందరికీ వినిపించినప్పుడు, ఒకే పెడల్ గాంధారాన్నీ పంచమాన్నీ కలిపి పైకి లేపేది. ఆ రెండు పనులనూ రెండు పెడళ్లకు విడదీసినవాడు మరో స్టీల్ వాదకుడు బడ్డీ ఎమ్మన్స్. 1962లో ఎఫ్ షార్ప్, డి షార్ప్ తీగలను పై వరుసలో చేర్చి నేటి ఇ9 శ్రుతికి రూపమిచ్చినవాడూ ఆయనే. నేటి ఇ9లో పది తీగలు, పైనుంచి కిందికి, ఎఫ్ షార్ప్, డి షార్ప్, జి షార్ప్, ఇ, బి, జి షార్ప్, ఎఫ్ షార్ప్, ఇ, డి, బి. ఇ స్వరాన్ని షడ్జం అనుకుంటే జి షార్ప్ అంతర గాంధారం, బి పంచమం, ఎఫ్ షార్ప్ చతుశ్రుతి రిషభం, డి షార్ప్ కాకలి నిషాదం, డి కైశికి నిషాదం అవుతాయి. ఎ పెడల్ పంచమాన్ని సి షార్ప్‌కు, అంటే చతుశ్రుతి ధైవతానికి, ఎత్తుతుంది. బి పెడల్ గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి ఎత్తుతుంది. రెంటినీ కలిపి తొక్కితే స–గ–ప కాస్తా స–మ–ద అవుతుంది, మధ్యమం కొత్త ఆధారస్వరమై ఎ మేజర్ కార్డ్ పలుకుతుంది. వీటికి తోడు ఇ తీగలను ఎఫ్‌కు ఎత్తే మోకాలి మీట ఒకటి, డి షార్ప్‌కు దించే మీట మరొకటి. మూడో పెడల్ నాలుగో తీగను ఎఫ్ షార్ప్‌కూ అయిదో తీగను సి షార్ప్‌కూ ఎత్తుతుంది. తీగకు ఒకే పాత్ర ఉన్నంతకాలం చెవికి నచ్చినట్లు శ్రుతి చేయడం తేలిక. ఎమ్మన్స్ చేసిన ప్రతి మెరుగుదలా తీగలకు రెండో పాత్రనూ మూడో పాత్రనూ కట్టబెట్టింది. ఇది ఆ మేధావిని తప్పుపట్టడం కాదు. కార్డ్‌ల సంపద పెరిగినకొద్దీ శ్రుతిలో రాజీ తప్పనిసరి కావడం హార్మనీ ఉన్న ప్రతి వాద్యం తలరాత.

ఎఫ్ షార్ప్ తీగల విషయాన్ని దగ్గరనుంచి చూస్తే రాజీ ఎక్కడ అవసరమవుతుందో స్పష్టమవుతుంది. పెడళ్లేవీ తొక్కకుండా ఒకటి, రెండు, అయిదు, ఏడు తీగలను మీటితే బి మేజర్ కార్డ్ వస్తుంది. అందులో ఎఫ్ షార్ప్ బి స్వరానికి పంచమం. బి స్వరం ఇ నుంచి 702 సెంట్లు, దానిపై మరో 702 చేర్చి ఒక స్థాయి తీసేస్తే ఎఫ్ షార్ప్ స్థానం ఇ నుంచి 203.9 సెంట్లు. ఇప్పుడు ఎ, బి పెడళ్లు రెండూ తొక్కి అయిదు, ఆరు, ఏడు తీగలను కలిపి మీటితే అదే ఎఫ్ షార్ప్ ఎ స్వరానికి ధైవతంగా, సి షార్ప్‌కు కింద పంచమ దూరంలో నిలవాలి. ఆ లెక్కలో దాని స్థానం 182.4 సెంట్లు. ఒకే తీగకు ఒకే సంగీతంలో రెండు స్థానాలు, వాటి మధ్య 21.5 సెంట్ల దూరం. 81:80 నిష్పత్తిగల ఈ దూరాన్ని పాశ్చాత్యులు కామా అంటారు; భరతుడు షడ్జ గ్రామ, మధ్యమ గ్రామాలకు తేడా చూపడానికి పంచమాన్ని దించమన్న ప్రమాణ శ్రుతిని ఆధునిక శాస్త్రకారులు ఇదే నిష్పత్తితో గుర్తించారు. ఇరవై రెండు శ్రుతుల లెక్కలో 10:9, 9:8 అనే రెండు రిషభాలు వేర్వేరుగా నమోదు కావడానికి కారణం కూడా ఇదే. రాగం ఒక్కటే నడిచే సంగీతంలో గాయకుడు సందర్భాన్ని బట్టి ఏ రిషభం కావాలో ఎంచుకుంటాడు, స్టీల్ తీగకు ఆ వెసులుబాటు లేదు. మొదటి స్థానానికి శ్రుతి చేస్తే పెడల్ తొక్కిన కార్డ్‌లో పంచమం భరించలేనంత ఇరుకుగా 680 సెంట్లకు కుంగుతుంది, రెండో స్థానానికి చేస్తే బి మేజర్ చెడుతుంది.

రెండో ముడి ఎ పెడల్‌నూ ఇ–ఎఫ్ మీటనూ కలిపి వాడే స్థానంలో ఉంది. ఆ రెండూ పనిచేసినప్పుడు సి షార్ప్ ఆధారంగా మేజర్ కార్డ్ పలుకుతుంది. అన్ని స్థానాల్లోనూ ఒకే రకం కార్డ్‌ను వేర్వేరు మెట్ల దగ్గర అందుకోవడం ఈ వాద్యపు ప్రాణం కనుక వాదకులు దీనిని విరివిగా వాడతారు. సహజ శ్రుతిలో ఇది తనలో తాను ఏ లోపమూ లేకుండా పలుకుతుంది. ఎఫ్ స్వరాన్ని సమ విభజన స్థానం కంటే 29 సెంట్లు కిందికి, ఇ నుంచి సుమారు 71 సెంట్ల దగ్గర, పెట్టవలసి రావడం కొత్తవారికి గాబరా కలిగిస్తుంది గాని చెవికి అదే సరి అనిపిస్తుంది. చిక్కు లోపల కాదు, బయట ఉంది. సి షార్ప్ స్వరమే సమ విభజన స్థానం కంటే 15.6 సెంట్లు కింద ఉంటుంది కనుక కార్డ్ మొత్తం బాస్ గిటార్‌కు కిందుగా పలుకుతుంది. బార్‌ను గీతకంటే ముందుకు, వంతెనవైపు, జరిపితే అది సరిపోతుంది. 24 అంగుళాల తీగ పొడవుపై మూడో మెట్టు దగ్గర ఈ జరుపు దాదాపు 4.6 మిల్లీమీటర్లు, పన్నెండో మెట్టు దగ్గర 2.75 మిల్లీమీటర్లు. అనుభవజ్ఞుడి చేయి దీనిని లెక్కించకుండానే జరుపుతుంది. కాని పెడళ్లు తొక్కని ఇ కార్డ్‌కు గీతమీద, ఈ కార్డ్‌కు గీత దాటి, అదీ పాట వేగంలో, అన్నది అభ్యాసం అడిగే నైపుణ్యం.

ఈ రెండు ముడులనూ విప్పడానికి వాదకులు అనుసరించిన మార్గాలు స్థూలంగా నాలుగు అయినా వాటిమధ్య హద్దులు చెరిగిపోతుంటాయి. అతి పాతది చెవినే నమ్ముకునే సహజ శ్రుతి: ఇ తీగలను ఒక ప్రమాణానికి పెట్టుకుని, విస్పందనాలు పూర్తిగా ఆగేవరకు గాంధారాన్నీ పంచమాన్నీ సరిచేస్తూ, ఆపై పెడళ్లు తొక్కి అదే పద్ధతిలో వాటి స్వరాలను సరిచేయడం. ఇందులో కార్డ్ గాజులా నిర్మలంగా నిలుస్తుంది, ఎఫ్ షార్ప్ ఎటో ఒకవైపు బలి అవుతుంది. దీనికి ఎదురుకొసన ఉన్నది సమ విభజన. ఎమ్మన్స్ వంటివాడు తన తరువాతి కాలంలో దానివైపు మొగ్గడం ఈ చర్చను మలుపు తిప్పింది. పియానో, బాస్, గిటార్ ఉన్న బృందంలో ప్రతి స్థానమూ గీతమీదే సరిపోవడం, శ్రుతి తేడా అన్ని చోట్లా సమానంగా పంచబడి ఎక్కడా పెద్దగా కనిపించకపోవడం దాని బలం. గాంధారంలో నిలిచే విస్పందనాలు దాని మూల్యం. బార్‌ను వణికించే వైబ్రాటో వాటిని కొంత కప్పుతుంది, కాని వణుకు లేని నిశ్చల స్వరమే కోరే చోట కప్పడానికేమీ ఉండదు.

మధ్యేమార్గాల్లో అన్నిటికంటే ఎక్కువ ప్రచారం పొందినవి నాష్‌విల్ ప్రాంతపు ఉపాధ్యాయుడు జెఫ్ న్యూమన్ పట్టికలు. పాతకాలపు ట్యూనర్ యంత్రాలు సెంట్లలో కాక 440 హెర్ట్జ్ చుట్టూ గుర్తులు వేసినవి కనుక, ఆయన ప్రతి తీగకూ ప్రతి పెడల్‌కూ ముల్లు ఎన్ని హెర్ట్జ్ దగ్గర నిలవాలో సంఖ్యగా ఇచ్చాడు. అలాంటి పట్టికలో 436 అని ఉన్న చోట స్వరం దాదాపు 16 సెంట్లు కిందుగా ఉండాలని అర్థం చేసుకోవాలి. ఆయన తరువాతి పట్టికల్లో ఇ స్వరాన్ని 440 కంటే కాస్త పైకి జరపడం వెనుక ఉన్న ఆలోచన ఈ మొత్తం చర్చలో అతి విలువైనది. సహజ శ్రుతిలో ఇ తప్ప మిగిలిన ప్రధాన ఆధారస్వరాలు కిందికే జరుగుతాయి కనుక, మొత్తం వాద్యాన్నే కొద్దిగా పైకి లేపితే బృందపు స్వరానికి అటూఇటూ సమానంగా పడతాయి. ఇ ఎనిమిది సెంట్లు పైకి లేచిందనుకుంటే సి షార్ప్ లోటు 15.6 నుంచి దాదాపు ఎనిమిదికి తగ్గుతుంది, మూడో మెట్టు దగ్గర బార్ ఒక కార్డ్‌కు గీత వెనుక, మరొకదానికి గీత ముందు, సుమారు 2.3 మిల్లీమీటర్లు జరిగితే చాలు. బార్ ఆనించకుండా ఖాళీ తీగలు మీటేటప్పుడు మాత్రం ఆ ఎనిమిది సెంట్లు దాచుకునే చోటు లేదు. పీటర్సన్ సంస్థ స్ట్రోబ్ ట్యూనర్‌లలో ఈ వాద్యానికి ప్రత్యేకంగా సర్దుబాటు శ్రుతులు ముందే చేర్చి ఇవ్వడం వల్ల పట్టిక పట్టుకుని కూర్చునే అవసరం ఇప్పుడు తగ్గింది.

పట్టికలకంటే తక్కువగా చర్చకు వచ్చినా ఎక్కువ గౌరవం దక్కవలసింది మీన్‌టోన్ పద్ధతి. యూరప్‌లో పునరుజ్జీవన కాలపు ఆర్గన్‌లకు వాడిన ఈ విధానంలో వరుసగా వచ్చే నాలుగు పంచమాలను కామాలో నాలుగోవంతు చొప్పున తగ్గించి 696.6 సెంట్ల దగ్గర పెడతారు; ఫలితంగా గాంధారాలన్నీ 386.3 సెంట్ల దగ్గర నిర్మలంగా వస్తాయి. ఇ9లో కావలసిన స్వరాలన్నీ డి, ఎ, ఇ, బి, ఎఫ్ షార్ప్, సి షార్ప్, జి షార్ప్, డి షార్ప్ అనే పంచమాల గొలుసులోనూ దాని కొనసాగింపులోనూ ఉండటం వల్ల ఈ పద్ధతి ఇక్కడ అతికినట్లు సరిపోతుంది. ఎఫ్ షార్ప్ 204కూ 182కూ నడుమ 193 దగ్గర నిలిచి రెండు కార్డ్‌లనూ మోస్తుంది. పంచమాలు అయిదు సెంట్ల మేర ఇరుకవుతాయి గాని స్టీల్‌పై నెమ్మదిగా తిరిగే పంచమపు అలను చెవి ధ్వనిలోని నిండుదనంగా స్వీకరిస్తుంది. కామాలో ఆరోవంతు తగ్గించే రూపంలో గాంధారం 393.5 దగ్గర, సహజానికీ సమ విభజనకూ దాదాపు మధ్య, పడుతుంది. పియానో ఉన్న బృందంలో వాయించేవారికి ఇది ఎంతో ఒద్దికైన స్థానం. కొందరు తయారీదారులూ వాదకులూ రాజీ పడకుండా యంత్రాన్నే మార్చి, పెడళ్లు తొక్కినప్పుడు ఎఫ్ షార్ప్ తీగలు కొద్దిగా దిగేలా అదనపు కడ్డీ అమర్చారు. ఇది సూత్రప్రాయంగా ఉత్తమమైన పరిష్కారమే అయినా పెడల్ బరువు పెరుగుతుంది, సరిచేయవలసిన మరొక మర వచ్చి చేరుతుంది.

ఏ లెక్కనైనా వమ్ము చేయగల భౌతిక కారణం ఒకటుంది, దానిని వాదకులు కేబినెట్ డ్రాప్ అంటారు. ఎ, బి పెడళ్లు తొక్కినప్పుడు నాలుగు తీగల బిగువు ఒక్కసారిగా పెరుగుతుంది; ఆ అదనపు లాగుడుకు చెక్క శరీరమూ తీగల చివర తిరిగే ఛేంజర్ ఇరుసూ అణువంత వంగి, తొక్కని ఇ తీగలు కొన్ని సెంట్లు దిగజారుతాయి. ఎ మేజర్‌లో ఆ ఇ స్వరమే పంచమం. కాగితం మీద 702 సెంట్లు వేసుకున్నవాడికి వాద్యం 698 ఇస్తుంది; ఒక్కో గిటార్‌లో ఈ జారుడు ఒక్కో తీరుగా ఉంటుంది కనుక ఒకరి పట్టిక మరొకరి వాద్యానికి యథాతథంగా పనికిరాదు. పైగా పెంచిన తీగ వదిలినప్పుడు, దించిన తీగ వదిలినప్పుడు అదే స్థానానికి సరిగ్గా తిరిగి రాకపోవడం కూడా ఉంది. అందుకే ఖాళీ తీగను శ్రుతి చేసే ముందు దాని పెడల్‌నూ మీటనూ ఒకసారి తొక్కి వదలడం మంచి అలవాటు. ఖాళీ తీగలను తల దగ్గరి మరలతోనూ, పెడల్ స్వరాలను కుడి చివర పలకలోంచి కనిపించే నైలాన్ నట్లను చిన్న తాళంతో తిప్పుతూనూ సరిచేస్తారు. కనుక పట్టిక ఏదైనా ఎ, బి పెడళ్ల స్వరాలను ఇ తీగ దిగిన తరువాతి స్థానంతో పోల్చి చెవితో కలపడం అవసరం. ఈ ఒక్క జాగ్రత్త లేనప్పుడు అర సెంటు ఖచ్చితత్వం గల ట్యూనర్ కూడా నిష్ప్రయోజనమే.

రెండు మెడలున్న వాద్యాల్లో రెండో మెడపై ఉండే సి6 శ్రుతిలో పరిస్థితి కొంత సులువు. సి, ఇ, జి, ఎ స్వరాలు సహజ శ్రుతిలో ఒకదానితో ఒకటి చక్కగా పొసగుతాయి. ఏడో పెడల్ సి స్వరాన్ని డికి ఎత్తినప్పుడో, పైన డి తీగ ఉన్నప్పుడో మాత్రం ఎ–డి మధ్య అదే కామా మళ్లీ తలెత్తుతుంది. ఇక్కడ వాయించే జాజ్, వెస్టర్న్ స్వింగ్ కార్డ్‌లు అయిదారు స్వరాలతో దట్టంగా ఉండి తమలోనే ఒరిపిడిని కోరుకుంటాయి కనుక గాంధారాలను ఏడెనిమిది సెంట్లకు మించి దింపనవసరం లేదు.

సాక్ష్యాధారాలన్నీ చూశాక, సమ విభజనను అందరికీ సూత్రంగా విధించడం ఈ వాద్యం గొంతుకు అన్యాయమనీ, పూర్తి సహజ శ్రుతిని పట్టుబట్టడం దాని కార్డ్‌ల సంపదకు అన్యాయమనీ తేలుతుంది. ఎంపిక మొదలుకావలసింది సంఖ్యలనుంచి కాదు, వాదకుడు ఏ కార్డ్‌లను ఎక్కువసేపు నిలుపుతాడో, ఎవరి పక్కన కూర్చుంటాడో అన్నదానినుంచి. ఫిడేలు, గాత్రం, అకూస్టిక్ గిటార్ మాత్రమే ఉన్న చిన్న మేళంలో గాంధారాలను 13 సెంట్లదాకా దింపినా ఫిడేలూ గాత్రమూ దానివైపే జరుగుతాయి. పియానో పైస్థాయిలో అదే గాంధారాన్ని కొడుతున్నప్పుడు అంత దింపుడు రెండు వాద్యాలనూ బయటపెడుతుంది, ఏడు సెంట్ల దగ్గర ఆగడం మేలు. ఎఫ్ షార్ప్ తీగలను చివరగా, ముందు బి స్వరంతోనూ తరువాత పెడళ్లు తొక్కి సి షార్ప్‌తోనూ మార్చి మార్చి మీటి, రెండు చోట్లా అల వేగం ఒకేలా వినిపించేవరకు మరను అటూఇటూ తిప్పితే, 193 సెంట్లకు దగ్గరి ఆ మధ్య స్థానం ఏ పట్టికా లేకుండానే దొరుకుతుంది. ఎ పెడల్, ఎఫ్ మీట కలిసిన స్థానాన్ని దాని తరువాత బృందంలోని బాస్‌తో కలిపి విని, ఇ తీగల ప్రమాణాన్ని ఎంత పైకి లేపాలో తేల్చుకోవాలి. వేదికపై దీపాల వేడికి సన్నని తీగలు సడలి శ్రుతి దిగుతుంది కనుక ఈ చివరి పరీక్షను ఇంట్లో కాక, దీపాలు వెలిగిన పావుగంట తరువాత వేదికమీదే చేయడం అవసరం.